అడవికి అర్థం చెప్పేదెవరు?

పార్లమెంటు అనెక్స్ భవనంలో కమిటీలు సమావేశమయ్యే గదుల ముందు వరండా ఉన్నది. ఢిల్లీ విలేకరిగా నా కాలం ఎక్కువ భాగం సభలలోని పత్రికా గ్యాలరీలో గడిచినా, శాసనాలు ఎట్లా తయారవుతాయో నేర్చుకున్నది మాత్రం ఆ వరండాలోనే. గది తలుపులు మూసి ఉంటాయి. ఫైళ్ళు చంకనబెట్టుకుని కార్యదర్శులు లోనికి పోతారు. రెండు గంటల తర్వాత ముఖాలు తుడుచుకుంటూ బయటికి వస్తారు. సభ్యులు నవ్వుతూ వస్తే ఒక అర్థం, మౌనంగా వస్తే మరొక అర్థం. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా లోపలి మాట బయటికి పొక్కరాదన్నది నియమం. కనుక మాబోటి వాళ్ళం ముఖాలు చదివి వార్తలు రాస్తూ ఉంటాము.

నేను కళాశాలలో చదివినది ఇంగ్లీషు సాహిత్యం. మాటకు అర్థం తెలియకపోతే నిఘంటువు తిరగవేయడం ఆనాటి అలవాటు. కాని ‘ఫారెస్టు’ అన్న మాటకు అర్థం కోసం ఈ దేశపు సర్వోన్నత న్యాయస్థానమే నిఘంటువును ఆశ్రయించవలసి వస్తుందని అప్పుడు ఊహించలేదు. 1996 డిసెంబరు 12న గోదవర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు చేసిన పని అదే. ప్రభుత్వం అడవిగా ప్రకటించినది మాత్రమే కాదు, నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేదంతా అడవేనని, భూమి ఎవరిదైనా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుందని ఆ రోజు తీర్పు చెప్పింది. ఆ అర్థం 27 సంవత్సరాలు నిలిచింది. 2023లో పార్లమెంటు ఆ అర్థాన్ని మార్చింది. మార్చే అధికారం పార్లమెంటుకు లేదని ఎవరూ అనరు. మార్చిన తీరును గూర్చే నా ఆవేదన. ఆ తీరు అర్థం కావాలంటే అదే అడవిని గూర్చి 17 ఏళ్ళ ఎడంతో కూర్చున్న రెండు పార్లమెంటరీ కమిటీల కథ చెప్పవలసి ఉన్నది.

కథకు ముందు కమిటీలను గూర్చి నాలుగు మాటలు. సభలో సభ్యుడు తన పార్టీ విప్‌కు బద్ధుడు. విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. కమిటీ గదిలో ఆ సంకెల లేదు. పాలక పక్ష సభ్యుడు తన మంత్రిత్వశాఖ కార్యదర్శిని నిలదీయవచ్చు; ప్రతిపక్ష సభ్యుడు మంచి సవరణకు మద్దతు పలుకవచ్చు. మన పార్లమెంటు 1989లో తొలిసారి ప్రయోగాత్మకంగా మూడు విషయ కమిటీలను ఏర్పరచినప్పుడు వాటిలో ఒకటి వ్యవసాయానిది, ఒకటి శాస్త్ర సాంకేతికానిది, మూడవది పర్యావరణ, అటవీ శాఖది. 1993లో అవే పెరిగి శాఖలవారీ స్థాయీ సంఘాలైనాయి. లోక్‌సభ నుండి 21 మంది, రాజ్యసభ నుండి 10 మంది, వెరసి 31 మంది సభ్యులు.

మొదటి మూడింటిలోనే అడవికి చోటు దక్కడం కాకతాళీయం కావచ్చు గాని సముచితమే. తక్కిన శాఖలలో ప్రభుత్వం పాలకుడు మాత్రమే. అడవి, గని, బంజరు విషయంలో ప్రభుత్వమే యజమాని, ప్రభుత్వమే కాపరి, ప్రభుత్వమే అమ్మకందారు. కంచే చేను మేయగల అవకాశం ఇక్కడ ఉన్నంతగా మరెక్కడా లేదు. ఆ కంచెను కనిపెట్టి చూడడానికి ప్రజలు పంపిన మనుషులే కమిటీ సభ్యులు.

ఇక మొదటి కమిటీ కథ. 2005 డిసెంబరు 13న లోక్‌సభలో ప్రభుత్వం షెడ్యూల్డు తెగల అటవీ హక్కుల బిల్లును ప్రవేశపెట్టింది. తరతరాలుగా అడవిలో ఉంటూ కాగితం లేక ‘ఆక్రమణదారులు’గా ముద్రపడిన వారికి హక్కు ఇవ్వడం దాని ఆశయం. ఆశయం గొప్పదే గాని బిల్లు అరకొరది. 1980 అక్టోబరు 25కు ముందునుండి సాగులో ఉన్న గిరిజనులకే హక్కు అన్నది. గిరిజనేతరులైన అడవి బిడ్డల ఊసే లేదు. బిల్లు సంయుక్త సంఘానికి వెళ్ళింది. దాని అధ్యక్షుడు మన పార్వతీపురం సభ్యుడు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. కురుపాం జమీందారీ కుటుంబానికి చెందినవాడు, పాలక పక్షానికి చెందినవాడు. తన ప్రభుత్వం పంపిన బిల్లును తలూపి తిరిగి పంపడానికి ఆయనకు అన్ని కారణాలూ ఉన్నాయి.

2006 మేలో ఆ సంఘం నివేదిక వచ్చినప్పుడు చూస్తే బిల్లు రూపమే మారిపోయి ఉన్నది. గడువు తేదీని 1980 నుండి 2005 డిసెంబరు 13కు జరిపారు. ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అన్న కొత్త వర్గాన్ని చేర్చారు. హక్కు ఎవరిదో తేల్చే ప్రక్రియను గ్రామసభ చేతిలో పెట్టారు. రెండున్నర హెక్టార్ల పరిమితి వద్దన్నారు. పులుల పక్షం వారు ఒకవైపు, గిరిజన సంఘాలు మరొకవైపు, అటవీశాఖ ఇంకొకవైపు గుంజుతున్న వేళ చేసిన పని ఇది. ప్రభుత్వం వారు అన్నిటినీ యథాతథంగా ఒప్పుకోలేదు. నెలల తరబడి బేరసారాలు నడిచాయి. పరిమితి పూర్తిగా పోలేదు, నాలుగు హెక్టార్లయింది. కొత్తగా చేరిన గిరిజనేతరులకు మూడు తరాల నివాసం, అనగా 75 సంవత్సరాల రుజువు, కావాలన్నారు. అయినా 2006 డిసెంబరులో ఉభయ సభలు ఆమోదించిన చట్టంలో కమిటీ చేతిముద్ర స్పష్టంగా ఉన్నది.

ఆ చేతిముద్ర విలువ ఏమిటో 2013లో తెలిసింది. పార్వతీపురానికి అట్టే దూరం కాని నియమగిరి కొండలలో బాక్సైటు తవ్వకం జరగవలెనా, వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, గ్రామసభలే తేల్చాలని ఆ సంవత్సరం ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు అన్నది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. డోంగ్రియా కోందులు ఢిల్లీలోని కమిటీ గదిని ఎన్నడూ చూసి ఉండరు. అయినా ఆ గదిలో బలం పుంజుకున్న ‘గ్రామసభ’ అన్న ఒక్క మాట ఏడేళ్ళ తర్వాత వారి కొండను కాపాడింది. కమిటీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

రెండవ కథ 2023 మార్చి 29న మొదలైంది. అటవీ సంరక్షణ చట్టానికి సవరణ బిల్లును పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అడవుల శాఖకు స్థాయీ సంఘం ఒకటి ఉన్నది. దాని అధ్యక్షుడు అప్పుడు కాంగ్రెసుకు చెందిన జైరాం రమేశ్. ఒకప్పుడు అదే శాఖకు మంత్రిగా ఉన్నవాడు. బిల్లు ఆ సంఘానికి పోలేదు. ప్రత్యేకంగా వేరొక సంయుక్త సంఘాన్ని వేసి, పాలక పక్షానికే చెందిన మీరట్ సభ్యుడు రాజేంద్ర అగర్వాల్‌ను అధ్యక్షునిగా నియమించారు. స్థాయీ సంఘాన్ని కావాలని పక్కకు నెట్టారని జైరాం రమేశ్ రాజ్యసభాధ్యక్షునికి ఫిర్యాదు చేశారు. ఫలితం లేకపోయింది.

సంయుక్త సంఘం వేయడమే తప్పని నేను అనను. 2006 నాటిదీ సంయుక్త సంఘమే, దాని అధ్యక్షుడూ పాలక పక్షం వాడే. చూడవలసినది ఆ గదిలో ఏమి జరిగిందన్నది. బిల్లులోని అంశాలు సామాన్యమైనవి కావు. 1927 నాటి అటవీ చట్టం వగైరాల కింద ప్రకటించిన అడవి, 1980 అక్టోబరు 25 నుండి ప్రభుత్వ రికార్డులలో అడవిగా నమోదైన భూమి, ఈ రెండింటికే ఇక చట్టం వర్తిస్తుందన్నారు. అంతర్జాతీయ సరిహద్దుకు, నియంత్రణ రేఖలకు 100 కిలోమీటర్ల లోపల జాతీయ ప్రాముఖ్యం గల రోడ్లు, మార్గాల వంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. భద్రతా కట్టడాలకు 10 హెక్టార్ల వరకు, తీవ్రవాద ప్రాబల్య ప్రాంతాలలో ప్రజోపయోగ పనులకు 5 హెక్టార్ల వరకు సడలింపు ఇచ్చారు. జంతు ప్రదర్శనశాలలు, సఫారీలు అడవిలో పెట్టినా అది అటవీయేతర వినియోగం కాదన్నారు. చివరకు చట్టం పేరు కూడా హిందీలోకి మారింది.

ప్రభుత్వ వాదనను న్యాయంగా చెప్పాలి. సరిహద్దున అవతలివాడు రోడ్డు వేస్తుంటే ఇవతల మన సైన్యం అనుమతి కాగితాల కోసం నెలల తరబడి ఎదురు చూడడం ఎవరికీ క్షేమం కాదు. తన పొలంలో చెట్లు పెంచితే రేపు దానిని అడవి అంటారేమోనన్న భయంతో రైతు మొక్క నాటడం మానుకున్న మాటా అబద్ధం కాదు. గోదవర్మన్ తీర్పు వల్ల కలిగిన సందిగ్ధతను తొలగించాలని ప్రభుత్వం అనుకోవడంలో తప్పు లేదు. ఈ సమస్యలు నిజమైనవి గనుకనే కమిటీ గట్టిగా పనిచేయవలసి ఉండింది. నూరు కిలోమీటర్లు ఎందుకు, ఇరవై ఎందుకు కాదు? నూరు అంటే సిక్కిం, మిజోరం, త్రిపుర, మేఘాలయల వంటి చిన్న రాష్ట్రాలు పూర్తిగానో, పూర్తికి దగ్గరగానో ఆ గీతలో పడిపోతాయి. రైతు తోటకు మినహాయింపు కావాలంటే ఆ ఒక్క మాట రాస్తే చాలదా, దానికోసం అడవి అర్థాన్నే కుదించాలా? ఇవి ఆ గది గోడల మధ్య తేలవలసిన ప్రశ్నలు.

వెయ్యికి పైగా వినతులు ఆ సంఘానికి చేరాయి. పర్యావరణ నిపుణులు, మాజీ అధికారులు, ఈశాన్య రాష్ట్రాల వారు రాశారు. 2023 జూలై 20న నివేదిక సభ ముందుకు వచ్చింది. బిల్లులో ఒక్క మార్పునూ అది సూచించలేదు. కాంగ్రెసు, తృణమూల్, డి.ఎం.కె. సభ్యులు అసమ్మతి పత్రాలు జతచేశారు. ఆరు రోజుల తర్వాత, మణిపూర్ విషయమై సభ అట్టుడుకుతున్న వేళ, లోక్‌సభ బిల్లును ఆమోదించింది. ఆగస్టు 2న రాజ్యసభ, 4న రాష్ట్రపతి ముద్ర. అదే నెలలో మిజోరం శాసనసభ ఈ సవరణకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అక్కడ అప్పుడు ఏలుతున్నది కేంద్రంలోని పాలక కూటమిలోని పార్టీయే. ఆ రాష్ట్రపు గోడు కమిటీ గదిలో వినిపించి ఉంటే చట్టమైన తర్వాత తీర్మానం చేసుకోవలసిన గతి పట్టేది కాదు గదా!

ఆ నివేదికను నేను చదివాను. వివిధ పక్షాల వాదాలు, మంత్రిత్వశాఖ ఇచ్చిన సమాధానాలు అందులో ఓపికగా పొందుపరిచారు. కాని సమాధానం రాగానే ప్రశ్న ఆగిపోయింది. రికార్డులకెక్కని అడవుల సంగతి ఏమిటని అడిగితే, 1996 తీర్పు తర్వాత రాష్ట్రాలు వేసిన నిపుణుల సంఘాలు గుర్తించిన అడవులకు రక్షణ ఉంటుందని మంత్రిత్వశాఖ హామీ ఇచ్చింది. ‘సరే, ఆ సంఘాల నివేదికలు మా ముందు పెట్టండి’ అనవలసిన చోట కమిటీ ఆ హామీని స్వీకరించి ముందుకు సాగింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట ఆ నివేదికలు బహిరంగమైనాయి. కొన్ని రాష్ట్రాలు అసలు సంఘాలనే వేసినట్టు లేదని, వేసిన చోట కూడా ఎక్కడ ఎంత అడవి ఉన్నదో చెప్పే వివరం అరకొరేనని వాటిని పరిశీలించినవారు తేల్చారు. అనగా, లేని కాగితంపై ఇచ్చిన హామీని నమ్మి ఒక చట్టం తయారయింది. ఆ కాగితం అడగడానికి కమిటీకి పట్టేది ఒక్క పూట.

కమిటీ అడగని ప్రశ్నను చివరకు కోర్టు అడిగింది. రికార్డు తయారయ్యేదాకా నిఘంటువు అర్థమే కొనసాగాలని అదే ఫిబ్రవరి ఉత్తర్వు ఆదేశించింది. రికార్డులకెక్కని అడవి దేశంలో సుమారు 1.97 లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నదన్నది పిటిషను దాఖలు చేసినవారి లెక్క. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కన్న అది ఎక్కువ.

కోర్టు కాపాడింది గనుక సంతోషించమని మిత్రులు కొందరు అన్నారు. నాకు సంతోషం కలగలేదు. బొగ్గు గనుల విషయంలోనూ ఇదే జరిగింది. 1993 నుండి జరిగిన గనుల కేటాయింపులు నిబంధనలకు విరుద్ధమని 2013లోనే బొగ్గు, ఉక్కు స్థాయీ సంఘం చెప్పింది. ఏలినవారు చెవిని పెట్టలేదు. 2014లో సుప్రీంకోర్టు 214 కేటాయింపులను ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. కమిటీ మాట వింటే సవరణతో పోయేది. వినకపోతే గొడ్డలి పడవలసి వచ్చింది. కోర్టు అవుననగలదు, కాదనగలదు. నూరు కిలోమీటర్లకు బదులు ఇరవై అని బేరమాడలేదు. అది శాసనకర్తల పని.

ఈ సంగతి ఢిల్లీకే పరిమితమని తెలుగు పాఠకులు అనుకుంటే పొరపాటు. 2025 మార్చి నెలాఖరున హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలలో యంత్రాలు దిగి చెట్లు కూల్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి పని ఆపించింది. తెలంగాణ ప్రభుత్వం వారి వాదన ఏమిటి? ఆ భూమి ప్రభుత్వానిది, రికార్డులలో అది అడవి కాదు. 2023లో ఢిల్లీలో బి.జె.పి. ప్రభుత్వం చట్టంలో రాసుకున్నది సరిగ్గా ఇదే సూత్రం: రికార్డులో ఉంటేనే అడవి. ఆ సూత్రాన్ని అనెక్స్ భవనంలో కాంగ్రెసు సభ్యులు అసమ్మతి పత్రంతో వ్యతిరేకించారు; రెండేళ్ళు తిరగకుండానే హైదరాబాదులో కాంగ్రెసు ప్రభుత్వం దానినే ఆశ్రయించింది.

ఒక పార్టీని దెప్పడానికి ఈ మాట చెప్పడం లేదు. భూమి చేతిలో ఉన్నవాడి భాష ఒకటి, లేనివాడి భాష మరొకటి. కుర్చీ మారితే భాష మారుతుంది. అందుకే పార్టీల సద్బుద్ధి మీద ఆధారపడని ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు పేరే కమిటీ. గచ్చిబౌలి భూమిని వేలానికి పెట్టడానికి ముందు శాసనసభా సంఘం ఒకటి ఆ నేల మీద నడిచి, అక్కడ ఏ చెట్టున్నదో, ఏ చెరువున్నదో, ఏ జీవమున్నదో చూసి నివేదిక ఇచ్చి ఉంటే? మన రెండు రాష్ట్రాలలోనూ అలాంటి సంప్రదాయం బలపడలేదు. కేరళలో 1980 నుండే విషయ కమిటీలు బిల్లులను పరిశీలిస్తున్నాయి. మనకు ఆ మాత్రం చేతకాదా?

పార్లమెంటులోనే ఆ సంప్రదాయం సన్నగిల్లుతున్నది. పార్లమెంటు పనితీరును లెక్కగట్టే పి.ఆర్.ఎస్. సంస్థ అంకెల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో నూటికి 71 బిల్లులు కమిటీలకు వెళ్ళాయి. 17వ లోక్‌సభ కాలంలో 16 మాత్రమే. ఆ పదహారులో ఒకటయ్యే భాగ్యం అటవీ బిల్లుకు దక్కింది. దక్కి ఏమయిందో చూశాము. కనుక కమిటీకి పంపడమొక్కటే చాలదు.

నాకు తోచిన మాటలు మూడు. మొదటిది, అడవి, గని, ప్రభుత్వ భూములకు సంబంధించిన ప్రతి బిల్లూ ఆ శాఖ స్థాయీ సంఘానికి తప్పనిసరిగా వెళ్ళాలి. అధ్యక్షుడు ఏ పార్టీవాడన్నది చూసి దారి మళ్ళించే వీలు ఉండరాదు. రెండవది, దేశ రక్షణ రహస్యాలు మినహా సాక్ష్యాలను బహిరంగంగా వినాలి. అమెరికా ప్రతినిధుల సభ 1805లోనే ప్రభుత్వ భూములకు కమిటీ వేసుకున్నది. దాని వారసురాలైన ప్రకృతి వనరుల కమిటీ విచారణలను నేడు ఎవరైనా కూర్చుని వినవచ్చు. ఆ దేశపు గనుల కంపెనీల పలుకుబడి మనకు కొత్తకాదు, వారి కమిటీలు పునీతమైనవని నేననను. కాని అక్కడ ఎవరు ఏ పక్షాన మాట్లాడారో జనానికి తెలుస్తుంది. మూడవది, అసమ్మతి పత్రంలోని ప్రతి అభ్యంతరానికీ బిల్లు చర్చకు రాకముందే ప్రభుత్వం లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి. జవాబు తృప్తికరంగా ఉండకపోవచ్చు. ఉన్నదని రికార్డు మాత్రం మిగులుతుంది. రికార్డులో ఉంటేనే అడవి అన్న ప్రభుత్వం, రికార్డులో ఉంటేనే జవాబు అన్న సూత్రాన్ని కాదనలేదు గదా!

ఇవి చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. సభా నియమాలలో నాలుగు పంక్తులు మారిస్తే చాలు. మార్చవలసినది పాలక పక్షం. మార్చమని పట్టుబట్టవలసినది ప్రతిపక్షం. రేపు తాము పాలక పక్షమైతే ఆ నాలుగు పంక్తులు తమ కాళ్ళకే అడ్డుపడతాయన్న శంక ప్రతిపక్షానికీ ఉన్నది. ఈ విషయంలో ఉభయ పక్షాల మౌనానికి నాకు కనిపించే కారణం అదే.

పార్వతీపురం ఏజెన్సీలో ఒక సవర రైతు చేతిలో నేడు పోడు పట్టా ఉంటే, 2006లో ఒక గదిలో కొందరు సభ్యులు తమ సొంత ప్రభుత్వంతో పేచీ పెట్టుకున్నందువల్ల ఉన్నది. ఏదో ఒక కొండ మీద రికార్డుకెక్కని అడవి రేపు గొడ్డలికి గురైతే, 2023లో మరొక గదిలో ఎవరూ పేచీ పెట్టుకోనందువల్ల, పెట్టుకున్నవారి మాట చివరి పేజీలలో మిగిలిపోయినందువల్ల గురవుతుంది. గదులు రెండూ ఒక్క పార్లమెంటువే. అడవికి అర్థం నిఘంటువులోనూ దొరకదు, కోర్టు ఉత్తర్వులోనూ శాశ్వతంగా దొరకదు. మూసిన ఆ తలుపుల వెనుక మనం పంపిన మనుషులు అడిగిన ప్రశ్నలలో దొరుకుతుంది. ఓటు అడగడానికి మీ సభ్యుడు మీ గుమ్మానికి వచ్చినప్పుడు సభలో ఎన్ని ప్రసంగాలు చేశావని అడగకండి. ఏ కమిటీలో కూర్చున్నావు, అక్కడ ఏమి అడిగావు అని అడగండి.